రికార్డ్ ప్లేయర్‌లో హమ్, ఎర్త్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కాజీపేట, అటు కరీంనగర్ దాకా రికార్డులు వినే మిత్రులు నన్ను ఎక్కువగా అడిగేది సూది గురించో, రికార్డు కడగడం గురించో కాదు. స్పీకర్లలోంచి 'గుంయ్' మని వచ్చే ఆ మోత గురించే. పాట మొదలవక ముందే అది వినిపిస్తుంటే మనసు పాట మీద నిలవదు. చాలామంది వెంటనే కార్ట్రిడ్జ్, అంటే సూది బిగించి ఉండే చిన్న ముక్క, పోయిందనుకొని కొత్తది ఆర్డర్ పెడతారు, అది వచ్చి బిగించాక కూడా మోత అట్లనే ఉంటుంది. అందుకే ముందుగా చెప్తున్నా, వెతకడం అయ్యేదాకా ఏదీ కొనకండి, ఏ వైరూ కోయకండి. హమ్ ఎక్కడ పుడుతుందో పట్టుకోవడానికి ఒక వరస ఉంది, దానికి ఖర్చు దాదాపు ఉండదు, కాస్త ఓపిక కావాలి.

ఫోన్ కలిపినా, సీడీ ప్లేయర్ కలిపినా రాని మోత రికార్డ్ ప్లేయర్‌కే ఎందుకు వస్తుంది?

కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ అంత చిన్నది కాబట్టి. సీడీ ప్లేయర్ దాదాపు 2 వోల్టులు ఇస్తుంది. మామూలు ఎంఎం కార్ట్రిడ్జ్, అంటే మూవింగ్ మ్యాగ్నెట్, ఇచ్చేది 3 నుంచి 5 మిల్లీవోల్టులు. మూవింగ్ కాయిల్, అంటే ఎంసీ రకం అయితే అందులో పదో వంతు, 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టులు. మేడారం జాతరలో మైకుల మధ్య నిలబడి పక్కవాళ్ళ చెవిలో చెప్పే మాట లాంటిది ఆ సిగ్నల్. దాన్ని వినిపించే స్థాయికి తేవడానికి ఫోనో ప్రీయాంప్ ఎంఎం అయితే సుమారు 100 రెట్లు, ఎంసీ అయితే సుమారు 1000 రెట్లు పెంచుతుంది. దారిలో ఏ కొంచెం కరెంటు మోత కలిసినా అది కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు, వినేటప్పుడు ప్రీయాంప్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954 నుంచి ఉన్న ఆర్‌ఐఏఏ పద్ధతి ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్. సరిగ్గా ఆ 50 హెర్ట్జ్ దగ్గర ప్రీయాంప్ మధ్య స్వరాల కంటే దాదాపు 17 డెసిబెల్స్, అంటే 7 రెట్లు ఎక్కువ పెంచుతుంది. ఇది దాని లోపం కాదు, దాని పనే అది. అందుకే వేరే దేంట్లోనూ వినిపించని మోత ప్లేయర్‌లో వినిపిస్తుంది.

అన్ని మోతలూ ఒకటేనా?

కాదు. కాసేపు కళ్ళు మూసుకొని వినండి, చెవే సగం పని చేసి పెడుతుంది.

లోతుగా, మెత్తగా 'గుంయ్' మంటుంటే అది 50 హెర్ట్జ్. ప్లేయర్ నుంచి విడిగా వచ్చే సన్నటి ఎర్త్ వైరు, కార్ట్రిడ్జ్ క్లిప్పులు, లేదా దగ్గరలో ఏదైనా ట్రాన్స్‌ఫార్మర్ మీద అనుమానం పెట్టుకోవాలి. కొంచెం గరుకుగా, అంచు ఉన్నట్టు 'జ్ర్‌ర్' మంటే 100 హెర్ట్జ్, దాని పై స్వరాలు. అది పాత యాంప్లిఫయర్‌లో ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లు కావచ్చు, ఫ్యాన్ రెగ్యులేటర్ కావచ్చు, గ్రౌండ్ లూప్ (గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడి వాటి మధ్య కరెంటు తిరగడం) కావచ్చు. సన్నటి కూత అయితే చౌక అడాప్టర్.

సూది రికార్డు మీద పెట్టినప్పుడే వచ్చి, ఎత్తగానే పోయేది హమ్ కానే కాదు. అది మోటరు, బేరింగ్ నుంచి వచ్చే రంబుల్ అయినా అవ్వాలి, స్పీకర్ అదురు బల్ల ద్వారా సూదికి చేరి మళ్ళీ స్పీకర్‌కే వెళ్ళే ఫీడ్‌బ్యాక్ అయినా అవ్వాలి. వాల్యూమ్ పెంచుతుంటే తనంతట తానే ఊళ పెట్టేది ఈ రెండోది. వీటికి ఎర్త్ వైర్లు ఎన్ని మార్చినా లాభం ఉండదు, స్పీకర్లను ఆ బల్ల మీంచి దించి వేరే చోట పెట్టండి.

సరే, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

యాంప్లిఫయర్ దగ్గర మొదలుపెట్టి ప్లేయర్ వైపు రావాలి. అందరూ తిరగేసి చేస్తారు, ముందే హెడ్‌షెల్, అంటే సూదిని మోసే ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే భాగం, విప్పుతారు. వద్దు. అక్కడి వైర్లు వెంట్రుకల్లాంటివి, ఊరికే కదిలిస్తే లేని సమస్య వస్తుంది.

వాల్యూమ్‌ను మీరు రోజూ వినే చోట పెట్టండి, రికార్డు వద్దు, సూది స్టాండు మీదే ఉండనివ్వండి. ఇప్పుడు సెలెక్టర్‌ను ఫోనో నుంచి ఆక్స్‌కో సీడీకో తిప్పండి. మోత అప్పుడూ అంతే ఉంటే సమస్య ప్లేయర్‌ది కాదు, యాంప్లిఫయర్‌దో, దానికి తగిలించిన ఇంకో పెట్టెదో. ప్లేయర్‌ను వదిలేసి అటు చూడండి. ఫోనో మీదికి తిప్పినప్పుడే వస్తుంటే ముందుకు పోదాం.

ప్లేయర్ కరెంటు ప్లగ్గు బోర్డులోంచి పూర్తిగా పీకేయండి, పాటను యాంప్లిఫయర్‌కు తెచ్చే ఎడమ కుడి ఆర్‌సీఏ వైర్లు, ఎర్త్ వైరు మాత్రం అట్లనే ఉంచండి. మోత ఆగిపోతే ప్లేయర్ మోటరో, లోపలి ట్రాన్స్‌ఫార్మరో, దాని కరెంటు వైరో కారణం. ఆగకపోతే కరెంటు ప్లేయర్‌లోంచి రావడం లేదు, సిగ్నల్ దారిలో కలుస్తుంది.

అప్పుడు యాంప్లిఫయర్ ఆపి, ఎడమ కుడి ఆర్‌సీఏ పిన్నులను యాంప్లిఫయర్ వెనక అటుదిటు మార్చండి. మళ్ళీ వినండి. ఇది నాకు అన్నింటికన్నా నచ్చిన పరీక్ష, ఎందుకంటే ఇది అబద్ధం చెప్పదు. ఎడమ స్పీకర్‌లో ఉన్న మోత కుడికి మారితే తప్పు ఆ పిన్నుకు ముందే, అంటే వైరులో, ఆర్మ్‌లో, కార్ట్రిడ్జ్‌లో ఉంది. మోత ఎడమలోనే ఉండిపోతే ప్రీయాంప్ వైపు ఉంది. రెండు వైపులా సమానంగా ఉంటే ఈ పరీక్ష ఏమీ తేల్చదు, అప్పుడు ఎర్త్ వైరు, లూప్, దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్లు చూడాలి.

ఒక హెచ్చరిక. ఆర్‌సీఏ పిన్ను పీకేటప్పుడు, పెట్టేటప్పుడు యాంప్లిఫయర్ తప్పకుండా ఆపండి. మధ్య పిన్ను ముందు తగిలి బయటి రింగు తర్వాత తగిలే ఆ క్షణంలో వచ్చే మోత స్పీకర్‌ను పాడు చేయగలదు. ఇంకోటి, ఏమీ తగిలించని ఖాళీ ఫోనో ఇన్‌పుట్ తనంతట తాను కొంచెం హమ్ ఇస్తుంది, అది చూసి ప్రీయాంప్ పోయిందనుకోవద్దు.

ఒక్క వైపే హమ్, ఆ వైపు పాట కూడా సరిగ్గా రావడం లేదు. కార్ట్రిడ్జ్ పోయినట్టేనా?

పోయి ఉండొచ్చు, కానీ ముందు నాలుగు క్లిప్పులు చూడండి. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులు ఉంటాయి, రంగులు దాదాపు అంతటా ఒకటే. తెలుపు ఎడమ సిగ్నల్, నీలం ఎడమ గ్రౌండ్, ఎరుపు కుడి సిగ్నల్, ఆకుపచ్చ కుడి గ్రౌండ్.

ఏది ఊడిందో మోతే చెప్తుంది. ఆ వైపు పాట అసలు రాకుండా గట్టి హమ్ మాత్రమే వస్తుంటే తెలుపో ఎరుపో వదులైంది. పాట పల్చగా, బేస్ లేకుండా వస్తూ వెనక హమ్ ఉంటే నీలమో ఆకుపచ్చో. హమ్ ఏమీ లేకుండా నిశ్శబ్దంగా ఉంటే లోపల ఎక్కడో రెండు వైర్లు తగిలి షార్ట్ అయ్యాయి. పాట రెండు వైపులా బాగానే ఉండి, కింద సమానంగా గుంయ్ మంటుంటే క్లిప్పుల జోలికి పోవద్దు, అది ఎర్త్ వైరు సంగతి.

క్లిప్పులన్నీ గట్టిగానే ఉన్నాయనిపిస్తే, తెలుపు నీలం జతను ఎరుపు ఆకుపచ్చ జత ఉన్న పిన్నుల మీదికి, వాటిని వీటి మీదికి మార్చి వినండి. తప్పు వేరే స్పీకర్‌కు మారితే కార్ట్రిడ్జే. మారకపోతే ఆర్మ్ వైర్లలో ఉంది. ఇంత తేలాకే కార్ట్రిడ్జ్ కొనే ఆలోచన చేయండి.

క్లిప్పు వదులుగా ఉంది. ఎలా బిగించాలి?

పిన్ను మీద ఉండగా నొక్కొద్దు. క్లిప్పును సన్నటి ట్వీజర్‌తో మెడ దగ్గర పట్టుకొని వెనక్కి జరిపి తీయండి, వైరు పట్టుకొని లాగితే తెగుతుంది. తీశాక అగ్గిపుల్ల చెక్కి కార్ట్రిడ్జ్ పిన్ను అంత లావు చేసి, దాన్ని క్లిప్పు లోపల ఉంచి చుట్టూ మెల్లగా నొక్కండి, అప్పుడు కావాల్సిన దానికన్నా ఎక్కువ ముడుచుకోదు. తిరిగి పెట్టేటప్పుడు కాస్త బిగుతుగా జారాలి, అంతే.

పిన్నులు నల్లబడి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. సూది గార్డు పెట్టకుండా ఈ పనులేవీ మొదలుపెట్టొద్దు. క్లిప్పుకు వైరు ఊడితే సోల్డరింగ్ చేయొచ్చు, కానీ క్లిప్పును కార్ట్రిడ్జ్ నుంచి తీసి దూరం పెట్టుకొని చేయాలి. కార్ట్రిడ్జ్ పిన్నుకు వేడి ఎప్పుడూ తగలకూడదు, లోపల వెంట్రుక కంటే సన్నటి తీగ అతుకు ఉంటుంది, ఒక్క క్షణం వేడికి అది ఊడిపోతుంది, మళ్ళీ అతికించలేం.

టెక్నిక్స్ ఎస్ఎల్-1200 లాంటి ప్లేయర్లలో హెడ్‌షెల్ తిప్పి ఊడదీసే రకం ఉంటుంది. దాని వెనక నాలుగు చిన్న చుక్కల్లాంటి కాంటాక్టులు, ఆర్మ్ లోపల వాటికి ఎదురుగా స్ప్రింగు పిన్నులు. ఎన్నో ఏళ్ళు మూలన పడున్న ప్లేయర్లలో మోత మొదట ఇక్కడే ఉంటుంది. రెండు వైపులా తుడిచి, హెడ్‌షెల్ కాలర్ మళ్ళీ గట్టిగా బిగించండి.

ఆర్మ్ ముట్టుకుంటే మోత తగ్గుతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. ఏంటిది?

ఇది మంచి గుర్తు, సమస్య సగం దొరికినట్టే. ఆర్మ్ లోహం గ్రౌండ్‌కు చేరడం లేదు. చేరకపోతే ఆ గొట్టం చుట్టుపక్కల కరెంటు వైర్ల నుంచి మోతను పట్టుకొని లోపలి సిగ్నల్ వైర్లకు అంటిస్తుంది. మీ చెయ్యి తగిలినప్పుడు దానికి ఇంకో దారి దొరుకుతుంది, అందుకే మారుతుంది.

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, ప్లేయర్ కరెంటు తీసేసి, ఎర్త్ వైరును యాంప్లిఫయర్ నుంచి విప్పి, ఒక మొన వైరు చివర, ఇంకోటి ఆర్మ్ లోహం మీద పెట్టండి. ఒకటి రెండు ఓమ్స్ లోపు రావాలి. పెయింటు మీద, యానోడైజ్ చేసిన అల్యూమినియం మీద మీటర్ ఏమీ చూపించదు, అది చూసి కంగారు పడకండి, స్క్రూ తల లాంటి ఖాళీ లోహం వెతకండి. నిజంగానే రాకపోతే ఎర్త్ వైరు లోపల తెగిందో, ఆర్మ్ అడుగున స్క్రూ దగ్గర తుప్పు పట్టిందో చూడాలి. బయటి ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల రాగి తెగిన ఎర్త్ వైర్లు చాలా ఉంటాయి, కంటితో చూసి నమ్మొద్దు.

ప్లేయర్ నుంచి వచ్చే ఆ సన్నటి విడి వైరు ఎక్కడ తగిలించాలి?

ఫోనో ప్రీయాంప్ వెనక జీఎన్‌డీ అని రాసి ఉన్న స్క్రూకి. ప్రీయాంప్ యాంప్లిఫయర్‌లోనే ఉంటే యాంప్లిఫయర్ వెనక ఉంటుంది. విడి ప్రీయాంప్ వాడుతుంటే దానికే తగిలించాలి, యాంప్లిఫయర్‌కు కాదు, రెండింటికీ కూడా కాదు. స్క్రూ ఎక్కడా లేకపోతే ప్రీయాంప్ ఆర్‌సీఏ బయటి రింగుకు తగిలేలా చుట్టినా పని చేస్తుంది. వైరు చివర నల్లబడితే సన్న గరుకు కాగితంతో రుద్ది తగిలించండి.

మా ప్లేయర్‌కు ఆ వైరే లేదు. ఊడిపోయిందా?

అన్నింటికీ ఉండదు. ఆడియో టెక్నికా ఎల్పీ60 లాంటి, లోపలే ప్రీయాంప్ ఉన్న చిన్న ప్లేయర్లకు అది అక్కర్లేదు. రేగా ప్లేయర్లలో కూడా విడి వైరు ఉండదు, ఆర్మ్ గ్రౌండ్‌ను లోపలే ఎడమ చానల్ గ్రౌండ్‌తో కలిపేస్తారు. ఇక్కడో చిక్కు ఉంది. కొన్ని కార్ట్రిడ్జ్‌లకు వెనక ఒక గ్రౌండ్ పిన్నును దాని లోహపు కవచంతో కలిపే చిన్న రేకు ఉంటుంది. అది కుడి పిన్నుకు ఉండి, అలాంటి కార్ట్రిడ్జ్‌ను రేగా ఆర్మ్‌లో లోహానికి తగిలేలా బిగిస్తే ఎడమ, కుడి గ్రౌండ్లు కార్ట్రిడ్జ్ దగ్గరే కలిసి లూప్ అవుతుంది, హమ్ వస్తుంది. ఆ రేకును జాగ్రత్తగా తీసి దాచుకోండి, పారేయొద్దు, రేపు వేరే ఆర్మ్‌కు కావాల్సి రావచ్చు.

ఆ వైరును గోడ సాకెట్‌లో ఎర్త్ రంధ్రానికి కలపమన్నారు. కలపొచ్చా?

వద్దు. ఆ సన్నటి వైరుకు, ఇంటి వెనక ఉన్న ఎర్త్ గుంతకు సంబంధం లేదు. అది ఆర్మ్‌ను ప్రీయాంప్ గ్రౌండ్‌తో కలపడానికి మాత్రమే. బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ భూమికి ఎక్కడా తగలకుండానే నిశ్శబ్దంగా పని చేస్తుంది, దీన్ని బట్టి అర్థం చేసుకోండి. గోడ ఎర్త్‌కు కలిపితే హమ్ కొత్తగా పెరిగే అవకాశమే ఎక్కువ, పైగా ఆ బోర్డులో వైరింగ్ తప్పుగా ఉంటే మీరు చేత్తో పట్టుకునే ఆర్మ్‌లోకి 230 వోల్టులు వస్తాయి.

యాంప్లిఫయర్ ప్లగ్గు మూడో పిన్ను తీసేస్తే హమ్ పోయింది. అట్లనే వాడుకోవచ్చా?

దయచేసి వద్దు. ఇది నేను గట్టిగా చెప్పే విషయం. పైన ఉండే ఆ లావు పిన్ను హమ్ కోసం పెట్టింది కాదు, ప్రాణం కోసం పెట్టింది. లోపల ఫేజ్ వైరు ఎప్పుడైనా పెట్టెకు తగిలితే కరెంటు ఎర్త్ ద్వారా పోయి ఫ్యూజు ఎగిరిపోవాలి, ఎంసీబీ పడిపోవాలి. ఆ పిన్ను లేకపోతే ఏదీ పడదు, పెట్టె మొత్తం కరెంటుతో మీకోసం ఎదురుచూస్తుంటుంది. ఆర్‌సీఏ వైరు బయటి అల్లిక ద్వారా అదే కరెంటు ప్లేయర్ ఆర్మ్ దాకా వస్తుంది. సూది పెట్టేది చేత్తోనే కదా, ఇంట్లో పిల్లలు కూడా పెడతారు.

పిన్ను తీస్తే మోత పోయిందంటే మీకు ఒక మంచి సమాచారం దొరికింది, సమస్య గ్రౌండ్ లూప్ అని. పిన్ను తిరిగి పెట్టి, ప్లేయర్, ప్రీయాంప్, యాంప్లిఫయర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. చాలా ఇళ్ళలో ఇంతటితోనే తగ్గుతుంది. తగ్గకపోతే ప్రీయాంప్‌కు యాంప్లిఫయర్‌కు మధ్య ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, అది కరెంటు దారి తెంచి సౌండు మాత్రం పంపుతుంది. కార్ట్రిడ్జ్‌కు ప్రీయాంప్‌కు మధ్య పెట్టొద్దు, అక్కడ సిగ్నల్ మరీ చిన్నది.

టీవీ కేబుల్ కలిపినప్పుడే మోత వస్తుంది. ప్లేయర్‌కు టీవీకి ఏం సంబంధం?

యాంప్లిఫయర్‌కు టీవీ సౌండు కూడా ఇచ్చారు కదా, సంబంధం అక్కడ ఉంది. కేబుల్ టీవీ వైరు బయటి అల్లిక వీధి స్తంభం మీది పెట్టె నుంచి, ఇంకో ఇంటి ఎర్త్ నుంచి వస్తుంది. మీ యాంప్లిఫయర్ మీ ఇంటి ఎర్త్‌లో ఉంది. రెండు ఎర్త్‌ల మధ్య తేడా ఉంటే ఆ తేడా కరెంటు మీ ఆడియో వైర్ల అల్లికల్లోంచి పోతుంది. సెట్‌టాప్ బాక్స్ వెనక ఆ వైరు విప్పి చూడండి, మోత టక్కున ఆగితే ఇదే. టీవీకి, యాంప్లిఫయర్‌కు మధ్య ఆప్టికల్ వైరు వాడితే సమస్య మూలం నుంచే పోతుంది, అందులో పోయేది వెలుతురే, కరెంటు దారి ఉండదు. లాప్‌టాప్‌కు కలిపి రికార్డు చేసుకునేవాళ్ళు ముందు చార్జర్ పీకి చూడండి.

మా ఇంటి ఎర్తింగ్ అసలు పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయమనండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య రెండూ దాదాపు ఒకటే రావాలి, 230 దరిదాపుల్లో. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులు ఉంటే ఫర్వాలేదు, పదులలో ఉంటే బాగాలేదు. ఫేజ్ ఎర్త్ మధ్య బాగా తక్కువ వస్తే ఎర్త్ పేరుకే ఉంది. పాత ఇళ్ళలో బోర్డుకు మూడు రంధ్రాలుండి, వెనక ఎర్త్ రంధ్రానికి వైరే లేకపోవడం మామూలు. టెస్టర్ బల్బు వెలుగు చూసి ఏదీ నమ్మొద్దు.

మన దగ్గర నేల గురించి కూడా చెప్పాలి. వరంగల్, హన్మకొండ చుట్టూ గ్రానైట్ రాయి, పైన మొరం. రాతినేల కరెంటును సరిగ్గా తీసుకోదు, అందులోనూ ఏప్రిల్, మే ఎండలకు గుంత ఎండిపోతే ఇంకా పనికి రాదు. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన పాత గుంతలో ఎండాకాలమంతా నీళ్ళు పోస్తూ ఉండండి, మూత కింద బోల్టు తుప్పు పట్టిందేమో చూపించండి. దీంతో హమ్ పోతుందని నేను మాట ఇవ్వను, కానీ ఇంట్లో వాళ్ళ కోసం చేయించాల్సిన పని ఇది. ఎలాగూ ఎలక్ట్రీషియన్ వచ్చాడు కాబట్టి 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, కూడా పెట్టించుకోండి.

పెట్టె ముట్టుకుంటే చేతికి సన్నగా జిల్లుమంటుంది. ప్రమాదమా?

ఫోన్ చార్జర్ లాంటి రెండు పిన్నుల ఎస్ఎంపీఎస్ అడాప్టర్లలో లోపలి చిన్న కెపాసిటర్ వల్ల కొద్దిపాటి లీకేజీ ఉంటుంది, ఎర్త్ లేని లోహపు పెట్టె అలా జిల్లుమంటుంది. ఎక్కువసార్లు ఇదే. కానీ లోపల నిజంగా వైరు తగిలినా మొదట ఇలాగే తెలియొచ్చు కాబట్టి, కొలిపించేదాకా ప్లగ్గు తీసి పెట్టండి. అడాప్టర్ లీకేజీయే అని తేలితే మంచి రకం అడాప్టర్ మార్చండి, హమ్ కూడా తగ్గొచ్చు.

సూది లోపలి వైపు, లేబుల్ దగ్గరికి పోయేకొద్దీ మోత పెరుగుతుంది. ఎందుకు?

ఇది ఎర్త్ సమస్య కాదు. కార్ట్రిడ్జ్ లోపల ఉన్నది తీగ చుట్ట, దగ్గరలో 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటే అది పట్టుకుంటుంది. రికార్డు తిరిగే పళ్ళెం, అంటే ప్లాటర్ కింద మోటరో ట్రాన్స్‌ఫార్మరో ఉంటే దాని మీదికి ఆర్మ్ పోయేకొద్దీ మోత పెరుగుతుంది. ప్లాటర్ తిరగకుండా, సూది పైకి ఉండగానే ఆర్మ్‌ను చేత్తో అటూ ఇటూ జరిపి వినండి. తర్వాత మోటరు ఆన్ చేసి అదే చేయండి. రెండోసారే పెరిగితే మోటరు. రెండుసార్లూ పెరిగితే ప్లేయర్ లోపలి ట్రాన్స్‌ఫార్మరో, పక్కన పెట్టిన యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మరో, స్టెబిలైజరో.

గ్రాడో కార్ట్రిడ్జ్‌లకు కవచం తక్కువ కాబట్టి, కొన్ని ఏసీ మోటరు ప్లేయర్ల మీద ఈ మోత వస్తుందని వినేవాళ్ళ లోకంలో ఎప్పటినుంచో తెలిసిందే. అవి వినడానికి చాలా బాగుంటాయి, ప్లేయర్ చూసుకొని కొనాలి అంతే. అల్యూమినియం రేకు చుట్టడం లాంటివి చేయొద్దు, 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రాన్ని అల్యూమినియం ఆపలేదు. దూరమే మందు. ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి, యాంప్లిఫయర్‌ను ప్లేయర్ కింద అరలోంచి తీసి రెండడుగులు పక్కకు పెట్టినా తేడా తెలుస్తుంది.

ఫ్యాన్ వేస్తే 'జ్ర్‌ర్' మంటుంది. ఫ్యాన్ లేకుండా మన ఎండల్లో ఎలా వినాలి?

ఫ్యాన్ ఆపక్కర్లేదు, రెగ్యులేటర్ మార్చండి. గుండ్రంగా స్టెప్పులు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌లో ట్రయాక్ ఉంటుంది, అది కరెంటు తరంగాన్ని సెకనుకు 100 సార్లు కోస్తుంది, ఆ కోత మోతే మీకు వినిపించేది. ఫుల్‌లో పెడితే తగ్గి, మధ్యలో పెడితే పెరుగుతుంది, అలా పోల్చుకోండి. కెపాసిటర్ స్టెప్ రెగ్యులేటర్ పెడితే పోతుంది, తక్కువ ఖర్చు. డిమ్మర్ లైట్లకూ ఇదే మాట. చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ ప్లేయర్ నెత్తి మీద ఉంటే అది కూడా ఆపి చూడండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడే మోత వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. ప్యూర్ సైన్ వేవ్ రకం అయితే ఇది రాదు.

కాజీపేటలో పట్టాల పక్కనే ఇల్లు. రైలు కరెంటు వల్ల హమ్ వస్తుందా?

పైన పోయేది 25 వేల వోల్టుల 50 హెర్ట్జ్ లైను కాబట్టి అనుమానం రావడం సహజమే. రైలు వచ్చి పోయేటప్పుడు మోత మారుతుందా వినండి. ఎప్పుడూ ఒకేలా ఉంటే కారణం ఇంట్లోనే ఉంది, పై వరస మొదటి నుంచి చేయండి.

హమ్‌తో పాటు సన్నగా రేడియో వినిపిస్తుంది!

సిగ్నల్ దారిలో ఎక్కడో కాంటాక్టు సరిగ్గా లేదు, లేదా ఆర్‌సీఏ వైరుకు కవచం లేదు, అది ఏరియల్‌లా పని చేస్తుంది. కాంటాక్టులు తుడిచి, మీటరు పొడవు మించని మంచి షీల్డ్ వైరు పెట్టండి, ప్రీయాంప్ దగ్గర ఫెర్రైట్ రింగు బిగించండి.

నాన్నగారి హెచ్ఎంవీ ఫియెస్టాలో హమ్. దానికీ ఇదే పద్ధతా?

సగం వరకే. ఆ తరం పోర్టబుల్ ప్లేయర్లలో ఉండేది ఎక్కువగా సెరామిక్ లేదా క్రిస్టల్ కార్ట్రిడ్జ్. అది కొన్ని వందల మిల్లీవోల్టులు ఇస్తుంది, ఆర్‌ఐఏఏ ప్రీయాంప్ అక్కర్లేదు. కానీ దానికి సుమారు 1 మెగాఓమ్ లోడు కావాలి, అంత ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్న దారి మోతను తేలిగ్గా పట్టుకుంటుంది. ఎవరైనా రిపేరులో లోపలి షీల్డ్ వైరు తీసి మామూలు వైరు వేశారా చూడండి. హమ్ గరుకుగా ఉంటే ఫిల్టర్ కెపాసిటర్లు మార్పించాలి, ఇన్నేళ్ళకు అవి ఎండిపోవడం ఖాయం. క్రిస్టల్ రకం వేడికి, తేమకు చెడిపోతుంది, సౌండు బాగా తగ్గిందంటే అదే. వాల్వులతో నడిచే పాత పెట్టెల్లో కొన్నింటి ఛాసిస్‌లో నేరుగా మెయిన్స్ కరెంటు ఉంటుంది, వాటిని తెలిసిన మెకానిక్ తప్ప ఎవరూ విప్పొద్దు.

జపాన్ నుంచి, అమెరికా నుంచి తెచ్చిన ప్లేయర్ అయితే?

100 లేదా 120 వోల్టులవి కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడతారు, దాన్ని ప్లేయర్ పక్కన పెడితే హమ్ తప్పదు. మీటరు దూరం పెట్టండి, దాన్ని కొంచెం తిప్పి ఏ వైపు ఉంటే మోత తగ్గుతుందో చూడండి. 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ సింక్రనస్ మోటరు అయితే స్పీడు కూడా తగ్గుతుంది, 33⅓ కాస్తా 28 దగ్గరికి వస్తుంది, దానికి 50 హెర్ట్జ్ పుల్లీ కావాలి.

మల్టీమీటర్‌తో కార్ట్రిడ్జ్‌ను కొలవొచ్చా?

ఎంసీ రకాన్ని కొలవొద్దు. మీటరు పంపే కరెంటే ఆ సన్నటి కాయిల్‌కు ఎక్కువ. ఎంఎం రకాన్ని, తప్పదనుకుంటే, క్లిప్పులు తీసి ఒకసారి చూడొచ్చు, సాధారణంగా 400 నుంచి 1500 ఓమ్స్ మధ్య, రెండు వైపులా దాదాపు సమానంగా వస్తుంది. ఒక వైపు ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగింది. అంతకన్నా మంచి పద్ధతి, కార్ట్రిడ్జ్ విప్పేసి క్లిప్పు నుంచి ఆర్‌సీఏ దాకా నాలుగు వైర్లనూ విడివిడిగా కొలవడం.

అన్నీ చేశాను, ఇంకా కొంచెం ఉంది. పూర్తిగా పోవాలా?

ముందు ప్రీయాంప్ స్విచ్ చూడండి, ఎంఎం కార్ట్రిడ్జ్ పెట్టి స్విచ్ ఎంసీలో ఉంటే మోత పది రెట్లు ఎక్కువ వస్తుంది. ప్లేయర్ లోపలి ప్రీయాంప్ ఆన్‌లో ఉండగా ఫోనో ఇన్‌పుట్‌కు కలిపారేమో కూడా చూడండి. అవి సరిగ్గా ఉంటే, మీరు వినే వాల్యూమ్‌లో, మీరు కూర్చునే కుర్చీలోంచి, రెండు పాటల మధ్య ఖాళీలో మోత వినిపించకపోతే చాలు. వాల్యూమ్ ఫుల్ పెట్టి స్పీకర్‌కు చెవి ఆనిస్తే ఏ ప్లేయరైనా కొంచెం గుంయ్ మంటుంది. కుర్చీ దాకా వినిపిస్తుంటే మాత్రం వదలొద్దు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఏ పరీక్షలో ఏమైందో, ఏ వైపు మారిందో, ఏది పీకితే ఆగిందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, ఆర్మ్‌ను స్టాండుకు కట్టి, ప్లాటర్ విడిగా తీసి పట్టుకెళ్ళండి.